కవరు తియ్యని హస్తవాసి

ఆషాఢం, మొదటి సోమవారం

కంపెనీ వారికి,

నా పేరు లాస్య. పేరు చూసి నాట్యం చేసే మనిషినని అనుకునేరు, మోకాళ్ళు రెండూ ఎప్పుడో చేతులెత్తేశాయి. మా ఆయన పేరు తరుణ్. ఆయనకి అరవై దాటాయి. మా తరం వాళ్ళందరికీ ఇలాంటి పేర్లే పెట్టారు, ఎప్పటికైనా ముసలివాళ్ళం అవుతామని ఎవరికీ తోచినట్టు లేదు. ఇప్పుడు ఫ్యాషన్ తిరగబడి పాత పేర్లు వచ్చాయి. మా అమ్మాయి కూతురు, మా మనవరాలు, వెంకాయమ్మ. దానికి ఆరో ఏడు నడుస్తోంది.

కొత్త రిమోటు ఎలా పనిచేస్తోందో వాడేవాళ్ళు అప్పుడప్పుడు రాసి పంపాలని మీరు అడిగారట. మా అబ్బాయి నిహాల్ మీ దగ్గరే, ఇంటింటికీ తిరిగి వీటిని అమర్చే పనిలో ఉన్నాడు. "నీకు మాట్లాడ్డం కావాలి, వాళ్ళకి వినడం కావాలి, రాసెయ్యమ్మా," అన్నాడు. చివర్లో 'వాడకంలో ఇబ్బందులు' అనే వరస ఖాళీగా వదలొద్దని కూడా చెప్పాడు.

దాని పేరు హస్తవాసి అని పెట్టారు. పేరు బాగుంది. మామిడి టెంకంత ఉంది, నున్నగా ఉంది, ఒక్క బటనూ లేదు. గుప్పిట్లో పట్టుకుంటే చాలు, మనకేం కావాలో దానికే తెలుస్తుంది. టీవీ, పాటలు, దీపాలు, ఫోను, చెవిపూస అన్నీ దాని చెప్పుచేతల్లోనే. మా ఆయన పట్టుకున్నారో లేదో, టీవీలో ఆయనకి నచ్చని యాంకరమ్మ మాయమై పాత క్రికెట్ మ్యాచ్ వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా గెంతారు.

"చేతి నరాలు చదువుతుంది నాన్నా. మొదటి పట్టులోనే ముప్పాతిక నేర్చేసుకుంటుంది. తరవాతవన్నీ చిన్న చిన్న దిద్దుబాట్లే," అన్నాడు నిహాల్.

మా అమ్మాయి మోక్షకి ఒకటి, ఆయనకి ఒకటి, నాకు ఒకటి ఇచ్చాడు. నాదానికి ప్లాస్టిక్ కవరు తియ్యమన్నాడు. సరేనన్నాను. వాడటు వెళ్ళగానే, తియ్యని ఆ కవరు మీదే రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేశాను. మా వంశంలో రిమోటుకి కవరు తియ్యడమనేది లేదు. మా అమ్మ రిమోటు కవరు పసుపుపచ్చగా మారి చిట్లిపోయింది కానీ లోపల బటన్లు పెళ్ళికూతురి గోళ్ళలా ఉండేవి. కొత్త వస్తువుని కొత్తగా ఉంచుకోవడం కూడా ఒక సుఖమే.

వాడకంలో ఇబ్బందులు: జారుతుందేమో అనుకున్నాను. కవరు ఉంటే జారదు.

ఆషాఢం, నీళ్ళ రోజు

మీరు ఏ మేడలో ఉంటారో తెలీదు కాబట్టి మా ఇల్లు ఎలాంటిదో చెప్తాను. కాకినాడ నీళ్ళ కిందకి పోయాక మేమంతా తుని కొండ మీద ఈ మేడలోకి వచ్చాం. మేడ మధ్యలో పైనుంచి కింద దాకా ఒక గాలి గొయ్యి ఉంది. అందులో పంకాలు రేయింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. అవి ఆగితే వేడికి ఉడికిపోతాం, తిరిగితే చెవులు పగిలిపోతాయి. అందుకే అందరి చెవుల్లోనూ పూస. అది హోరుని ఆపేసి, మన ఎదురుగా ఉన్న మనిషి మాటని మాత్రం చెవిలోకి తెస్తుంది. ఎవరి వైపు తిరిగి మాట్లాడితే వాళ్ళకే వినిపిస్తుంది.

పూస లేకుండా మాట్లాడుకోవాలంటే లోగది ఒక్కటే గతి. దాని గోడలు మందం. ఆరేళ్ళు నిండని పిల్లలు చెవుల్లో మైనం, దూది పెట్టుకుని అక్కడే ఆడుకుంటారు. అక్కడైనా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, కాసేపటికి పెద్దవాళ్ళకి తల తిరుగుతుంది.

ఇవాళ నీళ్ళు పట్టేటప్పుడు మోక్ష ఒక కొత్త సంగతి చెప్పింది. హస్తవాసి మనుషుల గొంతు కూడా తగ్గిస్తుందట.

"పక్క వాటా ఆవిడ పొద్దున్నే రాగం అందుకుంటుందా, నా చెయ్యి ఇలా బిగుసుకుంటుందా, అంతే! ఆవిడ గొంతు దూరంగా వెళ్ళిపోయిందమ్మా. నేనేం చెప్పనక్కర్లేకపోయింది," అంది.

"ఆవిడకి తెలిస్తే బాధపడదుటే?"

"తెలీదు. నా బదులు అదే ఊఁ కొడుతుంది. నా గొంతుతోనే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ గొంతు నిజంగానే పగిలిన కుండ. నేను కూడా కవరు తీసేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను.

వాడకంలో ఇబ్బందులు: నాకేం లేవు, పక్క వాటా ఆవిడకి ఉండొచ్చు.

ఆషాఢం, అమావాస్య ముందు

మా ఆయన స్నానాలగదిలో జారి పడ్డారు. మణికట్టు వాచింది. నేల మీద సబ్బునీళ్ళు ఉన్నాయని నేను ముందే చెప్పాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్తుంటే ఎదురెళ్ళి మరీ చెప్పాను. "ఊఁ, సరే," అన్నారు. ఆ సరే నా చెవిలో ఇంకా ఉంది.

కట్టు కడుతుంటే నన్నే అన్నారు. "నేల తడిగా ఉందని ఒక్క మాట చెప్పొచ్చు కదే."

"చెప్పేను కదండీ! మీరు సరే అన్నారు కూడా."

"ఊఁ," అన్నారు. నా వైపు చూడకుండా టీవీ చూస్తున్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఈయనకి నా మాట ఎడం చెవిలోంచి కుడి చెవిలోకి పోవడం పెళ్ళయినప్పట్నుంచీ ఉన్నదే. కానీ ఇదివరకు కనీసం ఎదురు తిరిగి పోట్లాడేవారు.

వాడకంలో ఇబ్బందులు: రిమోటుకి సంబంధం లేదు. మొగుడితో ఉన్నాయి.

శ్రావణం, మొదట్లో

ఇవాళ పొద్దున్న మా ఆయన పుక్కిలిస్తున్నారు. నోటి నిండా ఉప్పునీళ్ళు. తల వెనక్కి వాల్చి గుడగుడమంటున్నారు. నేను ఎదురుగా నిలబడి, కాఫీపొడి అయిపోయింది, కింది అంతస్తు నుంచి తెప్పించాలి అన్నాను.

"ఊఁ, సరే," అని వినిపించింది.

ఆయన నోట్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. గుడగుడ ఆగలేదు.

నేను కదలకుండా నిలబడ్డాను. తరవాత మెల్లగా, "మీ మీసానికి నిప్పంటుకుంది," అన్నాను.

"ఊఁ, అలాగే."

ఆయన నీళ్ళు ఉమ్మి, మూతి తుడుచుకుని, నన్ను చూసి నవ్వి వెళ్ళిపోయారు.

వంటగదిలోకి వెళ్ళాను. మోక్ష దోసకాయ తరుగుతోంది. దాని ఎదురుగా నిలబడి, అమ్మాయ్, ఇల్లు కాలిపోతోంది అన్నాను. "ఊఁ, చూస్తానమ్మా," అని దాని గొంతు వచ్చింది. అమ్మాయి పెదవులు కదల్లేదు. ఎంత చక్కటి గొంతో! విసుగు లేదు, తొందర లేదు. అసలు మోక్ష నాతో అంత మెత్తగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోలేకపోయాను. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది.

వాడకంలో ఇబ్బందులు: ఎప్పటి నుంచి ఇలా? నేను ఎన్ని మాటలు ఎవరితో చెప్పాను? ఎవరూ వినలేదా?

శ్రావణం, ఆ వారం చివర్లో

మర్నాడే మోక్షని చెయ్యి పట్టి లోగదిలోకి లాక్కెళ్ళాను. ఇద్దరం పూసలు తీశాం. దాని చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను. పిల్ల తెల్లబోయింది. నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది.

"నేనలా చేస్తానా అమ్మా? ఒట్టు, నేనేం చెప్పలేదు దానికి. ఏదో నీ మాట కొంచెం మెల్లగా వినపడుతోంది, నీకే నీరసంగా ఉందేమో అనుకున్నాను."

వెంటనే నిహాల్‌ని పిలిచింది. వాడు దాని రిమోటులోనూ, వాళ్ళ నాన్న రిమోటులోనూ నా గొంతు మళ్ళీ పూర్తిగా పెంచాడు. ఆ పూట నేను ఎన్ని కబుర్లు చెప్పానో! కాకినాడ బీచి, పడవల లైట్లు, మా నాయనమ్మ కాజాలు పంచదార పాకంలో వేసే తీరు. మోక్ష నవ్వుతూ కూర్చుంది. ఆయన కూడా మధ్యలో అందుకుని, "ఆ కాజాల కొట్టు మెయిన్ రోడ్డులో కాదు, జగన్నాథపురంలో," అని పోట్లాడారు. ప్రాణం లేచొచ్చింది.

అది ఆ వారం కూడా నిలవలేదు.

మోక్ష బట్టలు మడతపెడుతుంటే చెప్తూ ఉన్నాను, మధ్యలో "ఊఁ" వచ్చింది. ఆ మెత్తని గొంతు. నేను ఆగిపోయాను. అది మడతలు పెడుతూనే ఉంది. ఒడిలో రిమోటు, మడతకీ మడతకీ మధ్య ఎడంచెయ్యి దాని మీదకే పోతోంది.

నిహాల్‌ని మళ్ళీ లోగదిలోకి తీసుకెళ్ళి అడిగాను. వాడు తల దించుకున్నాడు.

"నేనెన్నిసార్లు పెంచినా మళ్ళీ తగ్గుతుందమ్మా. నోటితో చెప్పింది దానికి లెక్క కాదు, చెయ్యి అనుకున్నదే లెక్క. అక్కకి నువ్వంటే ప్రాణం. కానీ రోజంతా మాట్లాడతావు కదా. ఎక్కడో చెయ్యి బిగుసుకుంటుంది. అది వాళ్ళ చేతిలో లేదు."

"మరి నీ చెయ్యో?"

వాడు పూస పెట్టుకుని వెళ్ళిపోయాడు. కడుపున పుట్టిన వాడి చెయ్యి కూడా బిగుసుకుంటుందా అని ఆ గదిలోనే కూలబడి ఏడ్చాను. వెంకాయమ్మ బొమ్మ పక్కన పడేసి వచ్చి నా కొంగుతో నా కళ్ళే తుడిచింది.

శ్రావణం, రెండో శుక్రవారం

ఇప్పుడు నాకు మిగిలిన శ్రోత వెంకాయమ్మ ఒక్కతే. దాని దూది మీద నోరు పెట్టి కథ చెప్తాను. పేదరాసి పెద్దమ్మ దగ్గర మొదలెట్టి ఎక్కడెక్కడికో పోతాను. అది నిజంగా ఊఁ కొడుతుంది. మధ్యలో మానేస్తే కథ ఆపేస్తానని దానికి తెలుసు. దాని ఊఁలో నిద్ర ఉంటుంది, అనుమానం ఉంటుంది, ఒక్కోసారి నోట్లో ఉన్న వేలు కూడా ఉంటుంది.

నాలుగో శుక్రవారం దానికి పూస వేడుక. మా చిన్నప్పుడు చెవులు కుట్టించినట్టే, ఇప్పుడు ఆరు నిండగానే మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవిలో పూస పెడతారు. పిల్ల ఏడవకుండా నోట్లో బెల్లం ముక్క పెట్టడం మాత్రం మారలేదు.

వేడుక ఎలా జరుగుతుందో నిహాల్ లోగదిలో కూర్చుని వివరించాడు. పసిపిల్లకి ఏ మాట వినాలో ఏది వద్దో తెలీదు కాబట్టి, ఇంట్లో ఒకరి రిమోటులోంచి అలవాటు మొత్తం పిల్ల పూసలోకి పోస్తారు. పెద్దావిడ గుప్పిట్లో రిమోటు, ఆ గుప్పిటి మీద పిల్ల చెయ్యి. పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆ పోసిన రిమోటుకే, ఆ పోసిన చేతికే పిల్ల పూస మాట వింటుంది. ఇంకెవరూ మార్చలేరు.

"పెద్దావిడవి నువ్వే కదా. కాకపోతే అక్కది వాడదాం అంటున్నారు నాన్న. నీది సరిగ్గా పనిచెయ్యట్లేదేమో అని."

మోక్ష రిమోటు పోస్తే ఇంకేముంది! ఆ శుక్రవారం నుంచి వెంకాయమ్మ నా ఎదురుగా కూర్చుని నన్ను వినదు. నేను కథ చెప్తాను, దాని గొంతుతో ఇంకేదో ఊఁ కొడుతుంది. అది నాకు తెలుస్తుంది కూడా.

అప్పుడు నా రిమోటు గుర్తొచ్చింది. బీరువాలో చీరల మధ్య, కవరుతో, రబ్బరు బ్యాండుతో. దానికి ఎవరి మీదా చిరాకు లేదు. ఎవరి గొంతు ఎంతో అంతే. పక్క వాటా ఆవిడైనా, ఈ లాస్య అయినా దానికి ఒకటే.

"మేనమామవి నువ్వు, పోసేది నేను. ఆచారం ఆచారమే," అన్నాను. "నాది బ్రహ్మాండంగా పనిచేస్తోందిరా."

వాడు నమ్మాడు. ఎందుకు నమ్మడు? కవరు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరు విన్నారు కనుక.

వాడకంలో ఇబ్బందులు: ఇంకా వాడలేదండీ. వాడకపోవడమే మంచిదైంది.

శ్రావణం, నాలుగో శుక్రవారం

ఇల్లంతా జనం. అల్లుడు ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ఓడ దిగి రాలేకపోయాడు, తెరమీద కనిపించి చెయ్యూపాడు. నిహాల్ పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. వాడి ఒళ్ళో వెంకాయమ్మ, పట్టులంగా, బుగ్గన బెల్లం.

నేను బీరువా దగ్గరకి వెళ్ళి రిమోటు తీశాను. కవరు ఉంటే పొయ్యదని నిహాల్ ముందే చెప్పాడు. అందుకని కత్తెరతో అంచు కత్తిరించి, పీటల దాకా దాన్ని కవరులోనే ఉంచి తీసుకెళ్ళాను. చేతితో తాకలేదు. అంత జాగ్రత్తగా ఉన్నాను.

పీట పక్కన కూర్చుని అందరినీ చూశాను. వాళ్ళకి ఏదో చెప్పాలనిపించింది. "మా వెంకాయమ్మకి ఇవాళ..." అని మొదలెట్టాను. ఆయన పక్కనున్న ఆవిడ వైపు తిరిగి ఇంకేదో చెప్తున్నారు. మోక్ష నా మీదుగా వంగి అక్షింతల పళ్ళెం అందుకుంది. పక్క వాటా ఆవిడ రాగం తీస్తోంది. నా చెవిలోకి అందరి దగ్గర్నించీ ఒకే మెత్తని మాట వచ్చింది. ఊఁ, ఊఁ, ఊఁ. నాకోసం ఒక్కరూ నోరు మెదపలేదు.

నాకు కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి వీళ్ళందరి నోళ్ళూ మూతపడితే తెలుస్తుంది అనుకున్నాను. అలా అనుకుంటూనే కవరు లాగేసి రిమోటు గుప్పిట్లో బిగించాను. వెచ్చగా ఉంది. లోపల ఏదో కదిలినట్టు అనిపించింది. వెంకాయమ్మ చెయ్యి తీసి నా గుప్పిటి మీద పెట్టాను. నిహాల్ దూది తీసి పూస పెట్టాడు. అందరూ అక్షింతలు వేశారు.

"వెంకాయమ్మా," అని పిలిచాను. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని నా వైపు తిరిగింది. బెల్లం బుగ్గలోకి నెట్టి, "అమ్మమ్మా! నువ్వు ఎంత పెద్దగా వినపడుతున్నావో!" అంది.

"చెప్పు తల్లీ, చెప్పు," అన్నాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

మోక్ష దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "వెంకాయమ్మా, అమ్మ మాట వినపడుతోందా బంగారం?"

పిల్ల తల్లి పెదవుల వంక చూసింది. ఏం మాట్లాడలేదు. బెల్లం చప్పరిస్తోంది.

మోక్ష ముఖం వెలిగిపోయింది. అందరి వైపూ తిరిగి చప్పట్లు కొట్టింది. "ఊఁ అంది! విన్నారా, ఊఁ అంది!"

మొదటి పట్టులోనే ముప్పాతిక నేర్చేసుకుంటుందని నిహాల్ చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. వెంకాయమ్మ నా ఒళ్ళోకి పాకి, నా చెవి దగ్గర అడిగింది.

"అమ్మమ్మా, అమ్మ మాట్లాడకుండా నోరు ఊరికే ఆడిస్తోందేంటి? తాతయ్య కూడా. మామయ్య కూడా."

అప్పుడే చెప్పెయ్యాల్సింది. రిమోటు నా చేతిలోనే ఉంది, పక్కనే నిహాల్ ఉన్నాడు. పిల్ల నా ముఖంలోకి చూస్తోంది, ఇంకెవరి ముఖంలోకీ చూడటం లేదు.

"అమ్మకి గొంతు నొప్పి తల్లీ," అన్నాను. "వాళ్ళేం చెప్పినా నేను నీకు చెప్తాగా."

భాద్రపదం, వినాయకచవితి వెళ్ళాక

కంపెనీ వారికి,

ఆలస్యానికి క్షమించాలి. తీరిక లేదు. పొద్దున లేచింది మొదలు వెంకాయమ్మతో కబుర్లే. పూస వచ్చాక లోగది వదిలేసి ఇల్లంతా తిరుగుతోంది. నేను కాకినాడ కథ మొత్తం చెప్పాను, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటోంది. మోక్ష ఏదైనా చెప్తే నా వైపు చూస్తుంది. నా పూసని ఆ రిమోటుకి ఇంకా జత చెయ్యలేదు కాబట్టి నాకు మాత్రం వినపడుతుంది, నేను తిరిగి చెప్తాను. కొంచెం మార్చి చెప్తాను, అదేం పెద్ద తప్పు కాదు. మోక్ష మురిసిపోతోంది, పూస పెట్టాక పిల్లకి ఎంత బుద్ధి వచ్చిందో, ఏం చెప్పినా ఊఁ అంటుంది, ఎదురు చెప్పదు అని.

రేపు సరిచేద్దాం అని రోజూ అనుకుంటాను. రిమోటు పట్టుకుని అందరి గొంతులూ పెరగాలి అనుకుంటే చాలట. రెండుసార్లు పట్టుకున్నాను. అనుకోబోయాను. చెయ్యి అనుకోలేదు.

నిన్న గాలి గొయ్యి వైపు తలుపు ఎవరో గడియ వెయ్యకుండా వదిలేశారు. వెంకాయమ్మ దాని దగ్గరకి వెళ్ళి, లోపల తిరిగే పంకా రెక్కలు చూడటానికి వంగింది. మోక్ష వంటగది గుమ్మంలోంచి చూసి పిలిచింది. దాని నోరు ఎంత పెద్దగా తెరుచుకుందో నాకు కనిపించింది. తరవాత తల ఊపి, తేలికపడి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. దానికి ఊఁ వచ్చి ఉంటుంది. "ఊఁ, వస్తున్నానమ్మా" అని వచ్చి ఉంటుంది. పిల్ల ఇంకా వంగే ఉంది.

నేను పిలిచాను. పరిగెత్తుకుంటూ వచ్చి నా ఒళ్ళో పడింది. నేను ఉన్నాను కాబట్టి సరిపోయింది. నేను మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తాను, అది కూడా మానేస్తాను.

ఇవాళ రిమోటు శుభ్రంగా తుడిచి, కత్తిరించిన కవరులోనే పెట్టి, అంచు టేపుతో అంటించాను. రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి బీరువాలో చీరల కింద పెట్టాను. కొత్త వస్తువు, పాడవకుండా ఉంటుంది.

నిహాల్ పొద్దున వచ్చి, ఇంకా ఆ వరస నింపలేదేమమ్మా అని, నా జవాబు తన చెవిన పడదని తెలిసి, కాగితం మీద రాసి చూపించాడు. వెంకాయమ్మ నా పక్కనే కూర్చుని, కథ కోసం నా పెదవుల వంకే చూస్తోంది.

వాడకంలో ఇబ్బందులు: ఏమీ లేవు.